ఎప్పటి సంది అమలు?

కొత్త విద్యా విధానం అనే మాట మా లైన్‌లోకి రేడియోలో వచ్చింది. ఎనభైల నడిమి సంగతి. గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరుసలో రేడియో ఉన్న ఇళ్లు చాలానే ఉన్నా, వార్తలు చివరిదాకా వినే ఇల్లు మాదొక్కటే. మా బాపు బొగ్గుబాయిలో ఫిల్లర్. లోపల పేల్చిన బొగ్గును తట్టలకెత్తి టబ్బుల్లో నింపే పని ఆయనది. షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి, చెవుల్లో మిగిలిన మసి తువ్వాలు కొసతో తుడుచుకుంటూ వార్తలు వినేవాడు. ఎక్కడ ఏ ఒప్పందం జరిగింది, అందులో బాయి పనివాళ్లకు ఏముంది అన్నదే ఆయనకు కావలసింది. ఆ రోజు ఒప్పందం ఊసు లేదు. దేశమంతటా చదువు మారబోతోందట. బళ్లు మారతాయట, కాలేజీలూ మారతాయట. బాపు రేడియో కట్టేసి నా వైపు తిరిగి, ఇదేంది బిడ్డా అని అడిగాడు.

నన్ను అడగడమే ఒక తమాషా. నేను బడి మానేసి అప్పటికి చాలా ఏళ్లయింది. ఏడో తరగతి పాసై, ఎనిమిదో తరగతి పుస్తకాలకు అట్టలు వేసుకుంటున్న రోజుల్లో అవ్వకు, అంటే మా అమ్మకు, ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. దవాఖానలో పెట్టుకున్నారు. ఇంట్లో ఇద్దరు తమ్ముళ్లు, చిన్నవాడు ఇంకా గోడ పట్టుకుని నడుస్తున్నాడు. బాపు మొదటి షిఫ్టుకు తెల్లారకముందే పోవాలి. ఒకరోజు సద్ది డబ్బా చేతపట్టుకుని గడప దాటుతూ ఆగి, "అవ్వ వచ్చేదాక ఇల్లు జూడు బిడ్డా" అన్నాడు.

అంతే. బడి మానెయ్యమని ఎవరూ అనలేదు. అవ్వ తిరిగి వచ్చింది. మెల్లగా లేచి తిరిగింది, పొయ్యి దగ్గరికీ వచ్చింది. అప్పటికి నా తోటివాళ్లు పెద్ద తరగతులకు పోయారు. వాళ్ల చెల్లెళ్ల పక్కన బెంచీ మీద కూర్చోవడానికి నాకు సిగ్గేసింది. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎత్తకపోయినా కోపం మాత్రం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది. గిన్నెలు కడిగితే లైన్ అంతా వినిపించేది.

కోపంతోపాటు నాకు ఇంకో జబ్బు కూడా ఉంది, తెలుసుకోవాలనే తహతహ. పెద్ద తమ్ముడి పుస్తకాలు వాడికంటే ముందు నేనే చదివేదాన్ని. పాఠం చివరి ప్రశ్నలకు జవాబులు నేను వెతికిపెడితే వాడు హాయిగా గోలీలాడుకునేవాడు. కాబట్టి బాపు అడగగానే నా బుర్రలో పురుగు తొలవడం మొదలుపెట్టింది. విధానం అంటే ఏమిటి? దాన్ని ఎవరు రాస్తారు? ఢిల్లీలో ఎవరో రాసింది మా లైన్ చివరి ప్రైమరీ బడిదాకా ఎట్లా నడిచి వస్తుంది? పాత విధానం అనేది ఒకటి ఉండేదా, ఉంటే అది నాకు ఎందుకు కనబడలేదు?

లైన్‌లో ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకున్నారు. మా పక్కింటామెను ఖాలా అని పిలిచేవాళ్లం. ఆమె భర్త వర్క్‌షాపులో మెకానిక్. పిల్లలు ఉర్దూ బడికి పోయేవారు. ఆ బడి ఎత్తేస్తారేమోనని ఆమెకు ఫికర్ పట్టుకుంది. పదో తరగతికి వచ్చిన మా పెద్ద తమ్ముడు ఆ ఏడు పరీక్షలే ఉండవని నమ్మి పుస్తకాలు అటక మీద పెట్టేశాడు. నేనే దింపి వాడి నెత్తిన పెట్టినంత పని చేశాను.

లైన్ చివర క్వార్టర్‌లో ఒక సారు అద్దెకుండేవాడు. ప్రైమరీ బడిలో టీచరు. బాపు కంటే బాగా చిన్నవాడు, నెమ్మదస్తుడు. ఆ ఎండాకాలం టీచర్లందరినీ కొత్త విధానం మీద శిక్షణకు పిలిచారు. ఆయన ఒక కాగితాల కట్టతో తిరిగి వచ్చాడు. లైన్‌లోని మగవాళ్లు పోయి, గేట్ మీటింగ్ పెట్టి చెప్పమని అడిగారు. మా దగ్గర ఏ కొత్త సంగతి వచ్చినా యూనియన్ వాళ్లు బాయి గేటు దగ్గర నిలబడి, లోపలికి దిగబోయే షిఫ్టుకు వివరించి చెబుతారు. చదువు సంగతి కూడా అట్లాగే చెప్పాలన్నది వాళ్ల లెక్క. సారు సరేనన్నాడు. ఒక్క సాయంత్రంతో అయిపోతుందనుకున్నాడు పాపం.

మా లైన్‌లో సాయంత్రమంటే పొగ. బొగ్గు పొయ్యిలను ఇళ్ల ముందు పెట్టి అంటిస్తారు. అవి రాజుకునేదాకా ఎదుటివాడి ముఖం కనబడదు. ఆ పొగలో నల్లా దగ్గరి గద్దె మీద సారు కూర్చుని చెప్పేవాడు. మగవాళ్లు కింద, ఆడవాళ్లం గడపల్లో. మొదటి వారం ఆయన పది, రెండు, మూడు అనే లెక్క చెప్పాడు. పదేళ్లు బడి, రెండేళ్లు ఇంటర్, మూడేళ్లు డిగ్రీ. దేశంలో ఎక్కడైనా ఇదే వరుస. రెండో వారం బడి సంగతి చెప్పాడు. ఎంత చిన్న బడికైనా కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు ఉండాలి, వాళ్లలో ఒకరు ఆడమనిషైతే మంచిది. నల్లబల్ల, పటాలు, ఆటవస్తువులు రావాలి. మూడో వారం ఇంటర్‌లో చేతిపని నేర్పే కోర్సుల గురించీ కాలేజీల గురించీ చెప్పాడు.

చిక్కంతా షిఫ్టులతో వచ్చింది. షిఫ్టు వారానికోసారి మారుతుంది. ఈ వారం గద్దె ముందు కూర్చున్నవాడు వచ్చే వారం అదే వేళకు బాయి లోపల ఉంటాడు. సారు మాత్రం క్లాసులో చెప్పినట్టు పోయినసారి ఆపిన చోటినుంచి మొదలుపెట్టేవాడు. విననివాళ్లు విన్నవాళ్ల దగ్గర తెలుసుకునేవారు, అదీ టబ్బు నింపుతూ, సగం సగం. మూడు వారాలు తిరిగేసరికి మా లైన్‌లో మూడు విద్యా విధానాలు తయారయ్యాయి. ఒకాయన లెక్క ప్రకారం పదేళ్లు బడి, రెండేళ్లు బాయి, మూడేళ్లు కాలేజీ. చేతిపని కోర్సు సంగతి ఆయన చెవికి అట్లా చేరింది. ఆ రెండేళ్లను సర్వీసులో కలుపుతారా లేదా అని ఆయన ఇంకొకాయనతో గట్టిగా వాదన కూడా పెట్టుకున్నాడు. ఇంకొకరు, మొగుడూ పెళ్లాలైన టీచర్లను మాత్రమే ఇకమీదట బళ్లకు వేస్తారని చెప్పుకుంటూ తిరిగారు.

మూడు వారాలూ విన్నది ఆడవాళ్లమే. మాకు షిఫ్టు మారదు కదా, అన్ని షిఫ్టులూ మావే. మిగతావాళ్లు పొయ్యి మీద కూర చూసుకుంటూ విన్నారు, నేను కూర మాడ్చుకుని విన్నాను. దాంతో అనుమానం వచ్చినవాళ్లు నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. చదివింది ఏడో తరగతి, చెప్పేది దేశపు విద్యా విధానం! ఖాలా నన్ను టీచరమ్మా అని పిలిచి ఆటపట్టించేది. నాకు పైకి చిరాకు, లోపల భలే సంతోషం.

ఆ మూడో వారమే అసలు సంగతి జరిగింది. ఇకమీదట డిగ్రీకీ ఉద్యోగానికీ ముడి విప్పాలని విధానంలో ఉందని సారు చెప్పగానే అందరూ నవ్వారు. మా దగ్గర ఆ ముడి ఎన్నడూ పడలేదు. తండ్రి పని నుంచి దిగిపోతే కొడుక్కి అదే బాయిలో నౌకరీ. అందులో డిగ్రీకి చోటెక్కడిది? ఢిల్లీ వాళ్లు మమ్మల్ని చూసి నేర్చుకున్నట్టున్నారని ఒకాయన అంటే సారు కూడా నవ్వేశాడు.

ఆ నవ్వులో బాపు లేచి నిలబడ్డాడు. గేట్ మీటింగ్‌లో మాట్లాడేటప్పుడు తువ్వాలు భుజం మార్చుకోవడం ఆయన అలవాటు. ఇప్పుడూ మార్చుకున్నాడు.

"సారూ, ఒక్క ముచ్చట. ఇది ఎప్పటి సంది అమలు?"

ఈ ఏడాదినుంచే మొదలని, ఒక్కొక్క తరగతి మారుకుంటూ పోతుందని సారు చెప్పాడు.

"ముందటికి సరే. ఎన్కకు ఎంత దూరం పోతది?"

సారుకు అర్థం కాలేదు. బాపు ఓపికగా వివరించాడు. బాయిలో ఏ అగ్రిమెంటైనా సంతకాలయ్యేసరికి ఆలస్యమవుతుంది. కానీ లెక్క మాత్రం పాత అగ్రిమెంటు గడువు తీరిన రోజునుంచే. ఆ రెండు తేదీల నడుమ పని నుంచి దిగిపోయినవాళ్లకు కూడా అది వర్తిస్తుంది. ఇది ఆయన ఎన్నో అగ్రిమెంట్లలో చూసిన సంగతి, దానికోసం సమ్మెలు చేసిన సంగతి. మరి చదువుకు వెనుక తేదీ ఏది?

చదువుకు అట్లా ఉండదు, అన్నా, అని చెప్పాడు సారు. చుట్టూ ఉన్నవాళ్లు మళ్లీ నవ్వారు. బాపు నవ్వలేదు.

"నా బిడ్డ నడుమనే దిగిపోయింది సారూ. అందుకని అడుగుతున్న."

అందరి తలలూ నా గడప వైపు తిరిగాయి. పొగ సన్నబడి అందరికీ నా ముఖం కనబడుతోంది. ఇన్నేళ్లలో ఇంట్లో ఒక్కసారి కూడా ఎత్తని మాటను నల్లా దగ్గర, లైన్ అందరి ముందు ఎత్తాడు. సిగ్గు, దాని వెనకే కోపం. విసురుగా లోపలికి పోయి తలుపేసుకున్నాను. ఆ రాత్రి ఆయనకు అన్నం అవ్వే పెట్టింది. కొన్నాళ్లపాటు నేను బాపుతో గోడకు చెప్పినట్టు మాట్లాడాను.

కానీ ఆ ప్రశ్న సారును వదల్లేదు. కొద్ది రోజుల తర్వాత ఆయన మా ఇంటికి వచ్చి, చాయ్ తాగుతూ, ఒక దారి ఉందన్నాడు. ఓపెన్ యూనివర్సిటీ అని అప్పటికే ఉంది. కొత్త విధానం అటువంటివాటిని ఇంకా పెంచాలంటోంది. వయసు నిండి ఉంటే చాలు, పదో తరగతి కాగితం కూడా అడగరు. ఒక అర్హత పరీక్ష పెడతారు. అందులో పాసైతే నేరుగా డిగ్రీలో చేర్చుకుంటారు. పాఠాల పుస్తకాలు ఇస్తారు, కొన్ని పాఠాలు రేడియోలో వస్తాయి, సెలవు రోజుల్లో స్టడీ సెంటర్‌లో క్లాసులు ఉంటాయి.

నాకు నమ్మబుద్ధి కాలేదు. నిచ్చెన మెట్లు లేకుండా అటక ఎక్కమన్నట్టుంది. పదో తరగతి లేకుండా డిగ్రీ చదవగలిగితే అసలు పదో తరగతి ఎందుకు పెట్టారని సారును నిలదీశాను. శిక్షణలో తనూ ఇదే అడిగితే కూర్చోమన్నారని ఆయన చెప్పాడు. ఆ జవాబు నాకు నచ్చింది. తెలియనిదాన్ని తెలియదని చెప్పే టీచరును నేను అంతకుముందు చూడలేదు.

అవ్వ ఒప్పుకోలేదు. సంబంధాలు చూస్తున్న సమయంలో ఈ పరీక్షలేమిటంది. నేను గిన్నెలు మోగించాను. ఆమె పొయ్యి ముందునుంచి కదలకుండా, తన దవాఖానే నా బడిని మింగిందని లైన్ అంతా మళ్లీ చెప్పుకుంటుందని, అది వినడం తన వల్ల కాదని అంది. అప్పుడు తెలిసింది నాకు, ఇంట్లో ఆ మాట ఎవరూ ఎందుకు ఎత్తలేదో. గిన్నెలు పక్కన పెట్టి ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె ముందున్న ఉల్లిగడ్డల పొట్టు తీశాను. మరునాడు ఆమే, పరీక్షకు ఏ చీర కట్టుకుంటావని అడిగింది.

తమ్ముడి లెక్కల పుస్తకం, సారు తెచ్చిన పాత పేపర్లు, రేడియో, ఇవే నా కాలేజీ. వార్తల వేళకు రేడియో బాపుది, పాఠాల వేళకు నాది. పాఠం వచ్చేటప్పుడు ఆయన పక్కనే కూర్చుని వినేవాడు. అర్థశాస్త్రం పాఠంలో కూలి, శ్రమ అనే మాటలు రాగానే తలూపేవాడు. చరిత్ర వస్తే కునుకు తీసేవాడు.

పరీక్ష కరీంనగర్‌లో. బాపు తన వారపు సెలవును, బాయి భాషలో ప్లే డేను, ఇంకొకరితో మార్చుకుని వెంట వచ్చాడు. నేను రాస్తున్నంతసేపూ కాలేజీ గేటు బయట నిలబడి ఉన్నాడు. లోపల నా పక్కన కూర్చున్న ఆమెకు నా తల్లి వయసుంటుంది. వెనుక వరుసలో ఒక కండక్టరు యూనిఫాంలోనే వచ్చి కూర్చున్నాడు. ఇంతమంది నాలాగే నడుమనే దిగిపోయారా అని నాకు ఆశ్చర్యమేసింది. ప్రశ్నపత్రం అందుకునేదాకా వాళ్లనే చూస్తూ కూర్చున్నాను. బయటికి వచ్చాక బాపు, ఎట్ల రాసినవని అడగలేదు. లోపల గాలి ఆడుతోందా అని అడిగాడు. బాయిలోంచి వచ్చినవాళ్లను అడిగే మొదటి ప్రశ్న అదే మరి.

పాసయ్యాను. డిగ్రీలో చేరాను. మూడేళ్ల చదువు మూడేళ్లలో అయిపోలేదు. నడుమ పెళ్లయింది, శ్రీరాంపూర్ పోయాను, ఒక బిడ్డ పుట్టింది. ఒక ఏడు పరీక్షే రాయలేదు, ఇంకో ఏడు ఒక పేపరు తప్పాను. పుస్తకాలు మాత్రం నా వెంటే తిరిగాయి. మా లైన్ చివరి బడికి ఈలోపు రెండో గది వచ్చింది. ఆటవస్తువుల పెట్టె కూడా వచ్చింది గానీ, పిల్లలు పాడు చేస్తారని దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారట. సారు ఆ సంగతి చెప్పి తల పట్టుకున్నాడు. ఢిల్లీలో రాసింది మా బడిదాకా ఎట్లా నడిచి వస్తుందన్న నా పాత ప్రశ్నకు అదొక జవాబు. తాళందాకా వస్తుంది. మిగతా దారి మనం నడవాలి కాబోలు.

పట్టా వచ్చేసరికి తొంభైలు వచ్చేశాయి. బాపు బాయి నుంచి దిగిపోయి, క్వార్టర్ ఖాళీ చేసి, గోదావరిఖనిలోనే రేకుల ఇల్లు వేసుకున్నాడు. పట్టా ఆ చిరునామాకే వచ్చింది. నేను బిడ్డను చంకనేసుకుని బస్సు దిగేసరికి ఆయన మంచం మీద కూర్చుని, కవరు విప్పకుండా నా కోసం చూస్తున్నాడు. నేను విప్పి చేతికిచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని నా పేరు కూడబలుక్కుని చదివాడు. తర్వాత కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఇది ఎప్పటి సంది అమలు బిడ్డా?"

పరాచికమనుకున్నాను. కింద తేదీ ఉంది కదా బాపూ, ఆ రోజునుంచే అన్నాను.

"ఎన్కకు లేదా?"

లేదన్నాను. ఆయన ముఖం చూస్తే అది పరాచికం కాదని అర్థమైంది. పట్టాను జాగ్రత్తగా మంచం మీద పెట్టాడు. బాయి దుమ్ము గొంతులో ఇంకా ఉంది, మాట మొదలుపెట్టే ముందు దగ్గు వచ్చింది.

"నిన్ను బడి నుంచి దింపింది సర్కారు గాదు బిడ్డా, నేను. ఇల్లు జూడుమన్న. మల్ల పొమ్మనుడు మరిచిన. గా తారీకు సంది ఇస్తరేమోనని ఆనాడు సారును అడిగిన."

ఎప్పుడూ ముక్కు మీద ఉండే నా కోపం ఆ పూట ఎటు పోయిందో తెలియదు. ఏడుపొచ్చింది. ఆయన ముందు ఏడవడం ఇష్టం లేక బిడ్డను కింద దింపాను. అది గోడ పట్టుకుని నడుచుకుంటూ పోయింది. అవ్వ అప్పుడే నల్లా దగ్గరినుంచి బిందెతో లోపలికి వచ్చి, మా ఇద్దరి ముఖాలూ చూసి గడపలోనే ఆగిపోయింది.

"మరిచినదేదో ఇప్పుడను బాపూ" అన్నాను.

ఆయన తువ్వాలు భుజం మార్చుకున్నాడు. బిందె చంకనున్న అవ్వను చూశాడు, నన్ను చూశాడు.

"అవ్వ వచ్చింది బిడ్డా," అన్నాడు. "ఇగ నువ్వు బడికి పో."